బరువు పెరిగింది, జబ్బ సన్నబడింది: ఏది నమ్మాలి?

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. పుట్టిన రెండు నెలలకు కూడా కామెర్లు తగ్గకపోవడం, దొడ్డికి తెల్లగా వెళ్లడం చూసి హైదరాబాద్ తీసుకెళితే బిలియరీ అట్రీసియా (పైత్యరస నాళాలు మూసుకుపోయే జబ్బు) అన్నారు. 80వ రోజున, పైత్యరసం పేగులోకి దిగేలా కసై అనే ఆపరేషన్ చేశారు. కామెర్లు కొంత తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. లివర్ గట్టిపడిందని, ముందుముందు మార్పిడి అవసరం కావచ్చని చెప్పారు. ఆరు వారాల కింద అంగన్‌వాడీలో 7.9 కిలోలు తూగిన పాప ఇప్పుడు 8.7 కిలోలు ఉంది. ‘ఆకుపచ్చలోనే ఉంది, ఫికర్ పడకండి’ అంది టీచర్. కానీ మొన్న ఆస్పత్రిలో డైటీషియన్ పొడవు 70 సెంటీమీటర్లు, జబ్బ చుట్టుకొలత 11.9 (పోయినసారి 12.4) అని రాశారు. జబ్బ వెనక చర్మాన్ని ఏదో పరికరంతో పట్టి 5 మిల్లీమీటర్లు అన్నారు. పోషణ లోపం బాగా ఉందట, ముక్కు గొట్టంతో పాలు పట్టాలట. ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. కామెర్ల పిల్లకు నూనె, నెయ్యి పనికిరావని మా అత్తమ్మ చప్పిడి పత్యమే పెట్టమంటుంది, పసరు మందు కూడా తెప్పించింది. రిపోర్టులో అల్బుమిన్ 2.6 ఉంటే, తెలిసినవాళ్లు రోజూ గుడ్డు తెల్లసొన పెట్టమంటున్నారు. బరువు పెరుగుతుంటే పోషణ లోపం ఎలా అవుతుంది? గొట్టం నిజంగా అవసరమా? అంగన్‌వాడీ టీచర్‌కు ఏం చెప్పాలి?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, పాపను నేను చూడలేదు. మీరు రాసిన అంకెలను బట్టి మాత్రం మీ డైటీషియన్ మాటే సరైనదనిపిస్తోంది. టీచర్ కూడా అబద్ధం చెప్పలేదు. ఆమె దగ్గరున్న తూకం యంత్రం చూపించిందే చెప్పింది. ఆ యంత్రానికి కండకూ నీటికీ తేడా తెలియదు.

ముందు ఆ 800 గ్రాముల సంగతి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్ల రెండో ఏడాదిలో నెలకు సుమారు 200 గ్రాములు పెరుగుతుంది. ఆరు వారాలకు 300 గ్రాములు అనుకోండి. కామెర్లు తగ్గని, తిండి సరిగా ఒంటబట్టని పిల్ల అదే ఆరు వారాల్లో 800 గ్రాములు పెరిగిందంటే సంతోషించే ముందు అనుమానించాలి. లీటరు నీటి బరువు ఒక కిలో. లివర్ గట్టిపడటం వల్ల పొట్టలో ముప్పావు లీటరు నీరు చేరినా, కాలేయం, ప్లీహం రెండూ పెద్దవైనా ఆ బరువంతా పాప లెక్కలోనే పడుతుంది. అదే సమయంలో జబ్బ అర సెంటీమీటరు తగ్గింది. నిజంగా ఒళ్లు చేస్తున్న పిల్లకు జబ్బ సన్నబడదు. పాప పొట్ట ముందుకు వచ్చిందా, బొడ్డు ఉబ్బిందా, లాగు నాడా దగ్గర బిగుతుగా ఉంటోందా అన్నది మీరు రాయలేదు. బహుశా అవుననే అంటారు.

ఆస్పత్రి కాగితం మీద కూడా ఇదే తికమక కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పెరుగుదల ప్రమాణాల ప్రకారం 70 సెంటీమీటర్ల పొడవున్న ఆడపిల్ల మధ్యస్థ బరువు సుమారు 8.2 కిలోలు. మీ పాప 8.7. అంటే పొడవుకు తగిన బరువు చూస్తే సగటు కంటే బొద్దుగా ఉన్నట్టే! అయితే అసలు ఆ పొడవే తక్కువ. 14 నెలల ఆడపిల్ల మధ్యస్థ పొడవు 76 సెంటీమీటర్ల పైమాట, కింది హద్దు 71 దగ్గర. 70 అంటే పాప ఎదుగుదల నెలల తరబడి కుంటుపడుతూ వచ్చిందని అర్థం. పొడవు ఒక్క నెలలో తగ్గేది కాదు, నీరు చేరితే పెరిగేదీ కాదు. అందుకే పాత లోటు ఎంతో తెలియాలంటే పొడవు చూస్తాం, ఈ నెల ఏమవుతోందో తెలియాలంటే జబ్బ చూస్తాం. బరువును మూడో స్థానంలో పెడతాం.

జబ్బే ఎందుకంటారా? ఇలాంటి పిల్లల్లో నీరు మొదట చేరేది పొట్టలో, తర్వాత పాదాల్లో. పై చేతికి అది సాధారణంగా ఎక్కదు. అక్కడ ఉండేది ఎముక, దాని చుట్టూ కండ, పైన కొవ్వు. టేపుతో కొలిస్తే మూడూ కలిపి వస్తాయి. డైటీషియన్ చర్మాన్ని మడతగా పట్టి కాలిపర్‌తో కొలిచింది కొవ్వు మందం. ఆ రెండు అంకెలూ ఉంటే కండ వాటా ఎంతో లెక్క కట్టొచ్చు. మడత మందాన్ని సెంటీమీటర్లలోకి మార్చి 3.14తో హెచ్చించి, చుట్టుకొలతలోంచి తీసేయాలి. మీ పాపకు 11.9లోంచి 1.6 పోతే 10.3. వచ్చేసారి ఇదే 10.6 అయితే కండ పడుతున్నట్టు, 10 అయితే కరుగుతున్నట్టు. ఒక్కసారి కొలిచిన అంకెతో పెద్దగా తెలిసేదేమీ ఉండదు. వరుసగా నాలుగైదు అంకెలు ఒక పక్కన రాసుకుంటే అవే మాట్లాడతాయి. అంగన్‌వాడీలో వాడే రంగుల టేపు మీద 11.5 కంటే తక్కువైతే ఎరుపు, 11.5 నుంచి 12.5 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. బరువు పట్టికలో ఆకుపచ్చగా ఉన్న మీ పాప ఈ టేపు మీద ఇప్పటికే పసుపు.

ఇది మీరు ఇంట్లోనూ కొలవొచ్చు. ఎడమ చేయి. మోచేయి మడిచి, భుజం మీద ఎముక మొన నుంచి మోచేతి మొన వరకు కొలిచి సరిగ్గా నడిమధ్య పెన్నుతో చుక్క పెట్టండి. తర్వాత చెయ్యి వదులుగా కిందికి వేలాడనివ్వాలి. చుక్క మీదుగా టేపు చుట్టాలి. చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు. పాప ఏడుస్తూ చెయ్యి బిగబడితే ఆ రోజు వదిలేయండి. రెండు వారాలకోసారి, ఎప్పుడూ ఒకే మనిషి కొలిస్తే మంచిది. మీరు కొలిచినదానికీ మీ ఆయన కొలిచినదానికీ మధ్య అర సెంటీమీటరు తేడా వచ్చిందంటే అది పాపలో వచ్చిన మార్పు కాకపోవచ్చు. బొడ్డు దగ్గర పొట్ట చుట్టుకొలత కూడా పక్కనే రాసుకోండి. బరువు, పొట్ట కలిసి పెరుగుతూ జబ్బ పెరగకపోతే సంగతి మీకే తెలిసిపోతుంది. పొడవు మాత్రం ఆస్పత్రిలో పడుకోబెట్టే బల్ల మీదే తీయించాలి.

అల్బుమిన్ విషయంలో చాలామంది చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. ఆ ప్రొటీన్‌ను తయారుచేసేది కాలేయమే. పాప అల్బుమిన్ తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఆ తయారీ కేంద్రమే దెబ్బతినడం. ఒంట్లో నీరు పెరగడం, ఇన్‌ఫెక్షన్లు ఉంటే అవీ దాన్ని ఇంకా దించేస్తాయి. కాబట్టి అల్బుమిన్ అంకెను చూసి తిండి చాలిందనీ, చాల్లేదనీ చెప్పలేం. అది కాలేయం ఎంత పని చేస్తోందో చెప్పే అంకె. తెల్లసొన నేరుగా రక్తంలో అల్బుమిన్‌గా మారిపోదు. గుడ్డు పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ పచ్చసొన పారేయకండి. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్, 70కి పైగా కేలరీలు ఉంటాయి. తెల్లసొన ఒక్కటే పెడితే ఆ కేలరీల్లో ముప్పావు వంతు పోతాయి.

ఇక మీ అత్తమ్మగారి పత్యం. దాన్ని కొట్టిపారేయకుండా ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఊళ్లలో కామెర్లు అంటే ఎక్కువగా కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే వైరస్ కామెర్లే. అవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఎలాగూ ఆకలి ఉండదు, నూనె వాసన అంటేనే వికారం. చప్పిడి కూడు తిన్నా పెద్దవాళ్లు తట్టుకుంటారు. తగ్గిన ఘనత పసరుకూ పత్యానికీ దక్కుతుంది. మీ పాపది ఆ జబ్బు కాదు. పైత్యరస నాళాలు మూసుకుపోయి, రసం పేగులోకి సరిగా దిగక, కాలేయంలోనే నిలిచి దాన్ని గట్టిపరిచిన జబ్బు. వారాల్లో పోయేది కాదు. నెలల తరబడి నూనె, నెయ్యి లేని జావ మీద ఉంచితే ఆ పిల్ల తన సొంత కండనే తింటుంది. పసరు మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇవ్వొద్దు. దెబ్బతిన్న కాలేయానికి ఏ ఆకులో ఏముందో తెలియని మందు తోడైతే, ఉన్న కాస్త శక్తీ పోయే ప్రమాదం ఉంది. ‘డాక్టరు పేరు పెట్టి వద్దన్నారు’ అని నా మీదో, మీ డాక్టరు మీదో తోసేయండి. ఇంట్లో పోట్లాట తగ్గుతుంది.

పైత్యరసం లేకపోతే కొవ్వు జీర్ణం కాదు కదా, మరి నూనె ఎందుకు అని మీ అత్తమ్మ అడిగితే, ఆమె ప్రశ్నలో న్యాయం ఉంది. మామూలు నూనెల్లోని కొవ్వు ఒంటికి పట్టాలంటే పైత్యరసం కావాలి. అది చాలనప్పుడు కొంత కొవ్వు మలంలో పోతుంది, జిడ్డుగా, పాలిపోయినట్టు ఉంటుంది. అందుకే ఎంసీటీ అనే రకం కొవ్వు వాడతాం. అది పైత్యరసం పెద్దగా అవసరం లేకుండానే పేగు నుంచి రక్తంలోకి వెళుతుంది. ఆస్పత్రివారు రాసే ప్రత్యేక పాలపొడిలో అదే ఉంటుంది, విడిగా నూనెగానూ దొరుకుతుంది. అలాగని కొవ్వు మొత్తం ఎంసీటీయే కాకూడదు. మెదడుకూ చర్మానికీ అవసరమైన కొన్ని కొవ్వు ఆమ్లాలు అందులో ఉండవు, వాటికోసం మామూలు నూనె కొంత తప్పనిసరి. ఏది ఎంతన్నది డైటీషియన్ చెప్పాలి. ‘కొబ్బరి నూనె అంతా ఎంసీటీయే, అది పోస్తే చాలు’ అని వాట్సాప్‌లో తిరిగే మాటను నమ్మకండి. కొబ్బరి నూనెలో సుమారు సగం లారిక్ ఆమ్లం. అది ఒంట్లో చాలావరకు మామూలు నూనెల్లోని కొవ్వులానే నడుచుకుంటుంది.

కొవ్వుతో పాటే జారిపోయేవి ఎ, డి, ఇ, కె విటమిన్లు. పోషణ లెక్కంటే బరువు, జబ్బలే కాదు, ఇదీ అందులో భాగమే. ‘కె’ తగ్గితే రక్తం గడ్డకట్టదు. రిపోర్టులో ఐఎన్‌ఆర్ అని ఉండే అంకె పెరిగిందంటే అది విటమిన్ కె చాలకనా, కాలేయమే చేతకాకనా అన్నది కె ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ చూస్తే తేలుతుంది. ‘డి’ తగ్గితే ఎముకలు మెత్తబడతాయి, ‘ఇ’ చాలా కాలం తక్కువైతే నరాలు దెబ్బతింటాయి. మామూలు పిల్లలకిచ్చే చుక్కలు వీళ్లకు సరిపోవు, నీటిలో కలిసే రకం, ఎక్కువ మోతాదులో కావాలి. అయితే ఎ, డి ఎక్కువైనా ప్రమాదమే. కాబట్టి మందుల షాపు సలహాతో పెంచకండి. రక్తంలో చూసి పెంచుతారా అని డాక్టరును అడగండి.

ఎంత తినాలి? ఇలాంటి పిల్లలకు అదే వయసు మామూలు పిల్లల కంటే ఎక్కువ శక్తి కావాలి, సుమారు 120 నుంచి 150 శాతం. తిన్నదంతా ఒంటబట్టదు, జబ్బు కూడా కొంత కాల్చేస్తుంది. నీటి బరువు తీసేశాక పాప 8 కిలోలుందనుకుందాం. మామూలుగా ఆ బరువుకు సుమారు 650 కేలరీలు చాలు, మీ పాపకు 800 నుంచి 950 వరకు కావాలి. ప్రొటీన్ కిలోకి 2 గ్రాములకు తగ్గకూడదు, అవసరాన్ని బట్టి 3 లేదా 4 గ్రాముల వరకు ఇస్తారు. లివర్ జబ్బుకు పప్పు, గుడ్డు మానాలన్నది పాతకాలపు మాట. డాక్టరు ప్రత్యేకంగా తగ్గించమంటే తప్ప మానకండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ లెక్క చెప్పడం తేలిక, పాప పొట్టలో పట్టాలి కదా! నీరు, పెరిగిన కాలేయం, ప్లీహం కలిసి జీర్ణాశయాన్ని నొక్కేస్తాయి. నాలుగు చెంచాలు తినగానే మూతి తిప్పేస్తుంది. అది మొండితనం కాదు, నిజంగానే నిండిపోతుంది. అందుకని ప్రతి చెంచాలో ఎక్కువ సారం ఉండాలి. రాగి జావ పల్చగా గ్లాసెడు పట్టేకన్నా గట్టిగా చిన్న గిన్నెడు, అందులో చెప్పిన నూనె ఒక చెంచా వేసి పెట్టండి. చెంచా నూనె అంటే దాదాపు 40 కేలరీలు. పాలల్లో నీళ్లు కలపకండి. పప్పన్నం మీద పప్పుకట్టు కాక ముద్దపప్పు వేయండి. రోజుకు మూడుసార్లు కాక ఏడెనిమిది సార్లు కొంచెం కొంచెం. ఉప్పు తగ్గించమన్నారంటే పచ్చళ్లు, చిప్స్, ప్యాకెట్ తిళ్లు మానడమని అర్థం. అన్నంలో ఉప్పు పూర్తిగా ఆపేస్తే పాప ఆ తినేదీ తినదు. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పెట్టొచ్చా అన్నది ఒకసారి డైటీషియన్‌కు చూపించి అడగండి, చాలామంది పిల్లలకు పనికొస్తుంది.

రాత్రి గురించి ఒక మాట. ఆరోగ్యమైన కాలేయం పగలు దాచిన చక్కెరను రాత్రి మెల్లగా వదులుతుంది. గట్టిపడిన కాలేయం అంత దాచలేదు. అందుకే నిద్రలో కొన్ని గంటలకే శరీరం కండను కరిగించుకోవడం మొదలుపెడుతుంది, చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. పడుకునే ముందు ఒకసారి, మధ్య రాత్రి ఒకసారి పట్టడం ఈ పిల్లలకు మందుతో సమానం.

గొట్టం అవసరమా అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. నోటి ద్వారా ఇన్నిసార్లు పెట్టినా 800 కేలరీలు చేరకపోతే, జబ్బ తగ్గుతూ ఉంటే, అవసరమే. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను: 12.4 నుంచి 11.9కి దిగిన పిల్ల విషయంలో, టేపు ఎరుపులోకి వెళ్లేదాకా ఆగడం నాకు ఇష్టం లేదు. ముక్కు గొట్టమంటే చివరి దశ అని మనవాళ్లకు ఒక భయం. ఐసీయూలో ముసలివాళ్లకు వేసింది చూసి వచ్చిన భయమది. మీ పాపకు వేసేది సన్నని మెత్తని గొట్టం, రాత్రంతా చుక్కచుక్కగా పాలు వెళ్లేలా పెట్టుకోవచ్చు, పగలు మామూలుగా ఆడుకుంటుంది. నోటితో పెట్టడం మాత్రం ఆపకండి. కొన్ని నెలలు నోటికి రుచి తగలకపోతే పిల్లలు తర్వాత తినడమే మరిచిపోతారు, చెంచా చూస్తేనే ఏడుస్తారు. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బాయని ఎండోస్కోపీలో చెప్పి ఉంటే గొట్టం వేసే ముందు ఆ విషయం గుర్తుచేయండి. రక్తస్రావం లేనంతవరకు అది సాధారణంగా అడ్డు కాదు. ఇంటికి పంపే ముందు గొట్టం సరైన చోటే ఉందో లేదో చూసుకోవడం నర్సు దగ్గర నేర్చుకుని, ఆమె ముందే మీ చేతులతో చేసి చూడండి. పాలు వెళుతున్నప్పుడు పాప దగ్గినా, ఆయాసపడినా వెంటనే ఆపేయాలి.

ఇంత తొందర ఎందుకని మీ ఇంట్లోవాళ్లు అడుగుతారు. మార్పిడి అవసరం కావచ్చన్నారు కదా, దానికి ముందు పాప ఒంట్లో ఎంత కండ ఉందన్నది ఆపరేషన్ తర్వాత కోలుకోవడం మీద, ఇన్‌ఫెక్షన్లను తట్టుకోవడం మీద ప్రభావం చూపిస్తుంది. అమెరికాలో 2002 నుంచి పిల్లల జబ్బు తీవ్రతను లెక్కగట్టే పెల్డ్ స్కోరులో బిలిరుబిన్ (కామెర్లు ఎంతున్నాయో చెప్పే అంకె), అల్బుమిన్, ఐఎన్‌ఆర్‌తో పాటు ఎదుగుదల కుంటుపడటాన్ని కూడా చేర్చారంటే దానికెంత విలువ ఇచ్చారో చూడండి. మన దేశంలో విజయవంతమైన మొదటి పిల్లల కాలేయ మార్పిడి 1998లో ఢిల్లీలో జరిగింది. ఆ బాబుకూ మీ పాప జబ్బే, అప్పటికి వయసు 20 నెలలు. తండ్రి కాలేయంలో ముక్క ఇచ్చాడు. ఆ బాబు పెద్దయ్యాక డాక్టరయ్యాడు. ఈ విషయం మీ ఆయనకు చెప్పండి, ధైర్యం వస్తుంది.

వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి: జ్వరం, దొడ్డికి మళ్లీ తెల్లగా వెళ్లడం, కామెర్లు పెరగడం, రక్తపు వాంతి, నల్లటి తారులాంటి విరేచనం, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం, మత్తుగా పడుకుని లేవకపోవడం, ఒకటి రెండు రోజుల్లోనే పొట్ట బాగా ఉబ్బడం. కసై ఆపరేషన్ అయిన పిల్లకు జ్వరం వస్తే ఊళ్లో సిరప్ పోసి చూద్దామనుకోవద్దు. పైత్యరస నాళాల్లో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. పొట్టలో నీరున్నప్పుడు ఆ నీటికే ఇన్‌ఫెక్షన్ పట్టే అవకాశం కూడా ఉంది. రెండూ గంటల లెక్కలో ముదిరేవే.

టీచర్‌తో తగువు పెట్టుకోవద్దు. డిశ్చార్జి కాగితం జిరాక్స్ ఒకటి ఆమెకిచ్చి, పాప పేరు పక్కన ‘కాలేయ వ్యాధి, పొట్టలో నీరు, బరువును బట్టి అంచనా వేయరాదు’ అని రిజిస్టరులో రాయమనండి. నెలనెలా బరువుతో పాటు టేపు కొలత, పొడవు కూడా వేయమనండి. టేపు వాళ్ల దగ్గర ఉండనే ఉంటుంది. ఆ అంకెల్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా చూపించండి. ఈసారి వెళ్లినప్పుడు డాక్టరును మరో ప్రశ్న కూడా అడగండి: నీరు తీసేస్తే పాప అసలు బరువు ఎంత అని మీ అంచనా, ఆ బరువు మీద కేలరీలు ఎంత రాస్తారు? ఆ రెండు అంకెలూ కాగితం మీద రాయించుకుని రండి.